విషవృక్షాల వెంట – 6: ముషిణి చేదు

గత భాగంలో వత్సనాభి దుంప వెంట హిమాలయాల నుంచి లండన్ దాకా నడిచాం. 1881 డిసెంబరులో డాక్టర్ జార్జి లామ్సన్ వింబుల్డన్ బడిలో ఉన్న బావమరిదిని చూడబోయి, కేకు పెట్టి, మాత్ర మింగించి వెళ్లాడు. కుర్రాడు ఆ రాత్రే పోయాడు. డాక్టరు 1882లో ఉరికంబం ఎక్కాడు. ఆ కేసును తేల్చింది యంత్రం కాదు, ఒక మనిషి నాలుక. రసాయనవేత్త థామస్ స్టీవెన్సన్ శవం నుంచి తీసిన సారాన్ని నాలుకకు రాసుకుని, ఆ మంటా తిమ్మిరీ వత్సనాభివేనని కోర్టులో చెప్పాడు.

ఈసారి కథ కూడా నాలుక చుట్టూనే తిరుగుతుంది. పోయినసారి నాలుక సాక్షి, ఈసారి కాపలా. ఈ విషం ఎంత చేదంటే, పది లక్షల పాళ్ల నీళ్లలో ఒక్క పాలు కలిసినా నోటికి తెలిసిపోతుంది. అలాంటి దాన్ని ఎవరికైనా పెట్టాలంటే ముందు ఆ కాపలాను ఏమార్చాలి. ఏమార్చడానికి పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. చేదుగా ఉంటే మందే అయి ఉంటుందన్న మన నమ్మకమే చాలింది.

*

మా అమ్మమ్మ వాళ్లది గోదావరి పక్క ఊరు. వానాకాలంలో ఏటినీళ్లు కొత్త ఎరుపెక్కి, మట్టి కలిపి పోసినట్టు వచ్చేవి. బిందెలు తెచ్చి దించాక అమ్మమ్మ ఒక గుండ్రటి గింజను రాతి మీద అరగదీసి, ఆ గంధాన్ని నీళ్లలో కలిపి వదిలేసేది. కాసేపటికి మడ్డి అంతా అడుగున పేరుకుని, పైన తేట నీళ్లు నిలిచేవి. అది చిల్లగింజ. కొన్ని ఊళ్లలో ఇండుప గింజ అంటారు. సంస్కృతంలో కతకం. సుశ్రుతుడి కాలానికే దాని పని మనవాళ్లకు తెలుసు.

ఆ చిల్లచెట్టుకు ఒక తోడబుట్టిన చెట్టు ఉంది. అదే ముషిణి. ముసిడి, ముష్టి, విషముష్టి అని కూడా పిలుస్తాం. సంస్కృతంలో కారస్కరం, కుపీలు. హిందీలో కుచ్లా. తమిళులకు ఎట్టి. ఎట్టి పండితే ఎవరికి లాభం అన్నది వాళ్లు పిసినారి మీద విసిరే మాట. ఆ మాట ఊరికే పుట్టలేదు. ముషిణి కాయ పండినప్పుడు నారింజ రంగులో, నున్నగా, చేతిలోకి తీసుకోవాలనిపించేలా ఉంటుంది. లోపల తెల్లటి గుజ్జు. గుజ్జులో గింజలు. ఒక్కొక్కటీ కోటు గుండీలా గుండ్రంగా, బల్లపరుపుగా, ఒకవైపు కాస్త గుంటపడి ఉంటుంది. బూడిదరంగు ముఖమల్ చుట్టినట్టు మెత్తటి నూగు, ఆ నూగు కింద కొమ్ములాంటి గట్టి పప్పు. పక్షులు గుజ్జు తిని గింజ వదిలేస్తాయి. మనిషే ఆ గింజ కోసం చెట్టు కింద వంగాడు.

ఒక చెట్టు గింజ నీళ్లను తేటపరుస్తుంది, రెండోదాని గింజ ప్రాణం తీస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉండి, చుట్టుపక్కల చెట్టూ చేమా వెతికి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలతో 1795 నుంచి లండన్‌లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటంలో 4వ బొమ్మ ముషిణి, 5వ బొమ్మ చిల్ల. పేజీ తిప్పితే చాలు, అక్కను దాటి చెల్లెలి దగ్గరికి వస్తాం. ముషిణి గింజలను నాటుసారా కాచేటప్పుడు మత్తు పెరగడానికి వేస్తారని కూడా ఆయన రాశాడు. ఆ సారా తాగినవాళ్లు ఏమయ్యారో ఊహించడం కష్టమేమీ కాదు.

మన ఆయుర్వేద వైద్యులకు ఈ గింజ జోలికి వెళ్లడం కత్తి మీద సాము. నేరుగా వాడరు. ముందు శోధన చేయాలి. గోమూత్రంలో రోజుల తరబడి నానబెట్టడం, పాలలో ఉడకబెట్టడం, పై తొక్కూ మొలక భాగమూ తీసేయడం, నేతిలో వేయించడం, ఒక్కో సంప్రదాయంలో ఒక్కో తీరు. ఈ పద్ధతుల్ని ఈ కాలపు ప్రయోగశాలల్లో పరీక్షిస్తే గింజలో విషం పాలు నిజంగానే తగ్గినట్టు తేలింది. అలా దారికి తెచ్చిన గింజను జీర్ణానికి వాడే అగ్నితుండి వటిలో కలుపుతారు. యునానీలో దీని పేరు అజారాఖీ. నరాల బలహీనతకూ పక్షవాతానికీ హకీములు హబ్బె అజారాఖీ మాత్రలు ఇస్తారు. ఈ రెండు వైద్యాల్లోనూ గింజ గింజగానే ఉంది. దాని చేదు, దాని నూగు, దాని చెడ్డపేరు అన్నీ దానితోనే ఉన్నాయి. మోసం చేయడానికి దానికి ముసుగు లేదు.

*

ముషిణి గింజ అరబ్బు వర్తకుల వెంట యూరప్ చేరింది. అక్కడివాళ్లు దానికి పెట్టిన లాటిన్ పేరు నక్స్ వామికా. వాంతి కాయ అనుకుంటారు చాలామంది. ఈ గింజ వాంతి తెప్పించదు. లాటిన్‌లో ఆ మాటకు గుంట, పుండు అన్న అర్థాలున్నాయి. గింజ మీది గుంటను చూసి పెట్టిన పేరై ఉండాలి. పేరు అర్థంలో పొరపాటు ఉన్నా వాడకంలో మాత్రం లేదు. 1640లో ఇంగ్లిష్ మూలికావేత్త జాన్ పార్కిన్సన్ రాసిన నాటికి దీని ముఖ్యమైన పని కుక్కలనూ పిల్లులనూ కాకులనూ చంపడం. మందుగా ముట్టుకునేవారు తక్కువ.

ఆ లెక్క మారింది పారిస్‌లో. జావా దీవి నుంచి లెషెనో అనే ప్రకృతి శాస్త్రవేత్త అక్కడి వేటగాళ్ల బాణాల విషాన్ని తెచ్చాడు. (ఈయనే తర్వాత పుదుచ్చేరికి వచ్చి కొన్నేళ్లు మొక్కలు సేకరించాడు.) అది కూడా ముషిణి కుటుంబంలోదే. 1809లో ఫ్రాంస్వా మజాందీ, రఫెనో దెలీల్ ఆ విషాన్ని జంతువులకు ఎక్కించి చూశారు. కుక్క ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోతోంది. వెన్నుపామును ధ్వంసం చేస్తే బిగువు ఆగిపోతోంది. విషం పనిచేసేది మెదడు మీద కాదు, కండరం మీద కాదు, వెన్నుపాము మీద అని తేలింది. ఒక విషం దేహంలో ఫలానా చోట పనిచేస్తుందని వేలు పెట్టి చూపించిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి. మజాందీ చేతిలో చచ్చిన కుక్కల సంగతి వేరే కథ. అది చదివితే ఆ రాత్రి అన్నం సయించదు.

వెంటనే వైద్యులకు ఒక ఆశ పుట్టింది. విషం కండరాలను బిగిస్తుందా? అయితే పక్షవాతంతో వేలాడిపోయిన చేతికి ఇస్తే? 1811లో ఫూకియే అనే పారిస్ వైద్యుడు ముషిణి సారాన్ని పక్షవాతం రోగులకు ఇచ్చి చూశాడు. మన హకీములు అదే రోగానికి అదే గింజ ఎప్పటినుంచో ఇస్తున్నారని ఆయనకు తెలుసో లేదో.

1818లో ఇద్దరు కుర్ర ఫార్మసిస్టులు, పెలెటియే, కావెంటూ, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే సెయింట్ ఇగ్నేషియస్ గింజ నుంచీ, ముషిణి నుంచీ తెల్లటి స్ఫటికాలు తీశారు. ఇగ్నేషియస్ గింజ కూడా ఈ ఇంటిదే. ఆ స్ఫటికాలకు తమ గురువు వొక్లాన్ పేరు పెట్టాలనుకున్నారు. గౌరవనీయుడి పేరును ఇంత చెడ్డ పదార్థానికి తగిలించడం బాగుండదని పెద్దలు అడ్డుపడ్డారు. చివరికి మొక్క పేరు మీదే స్ట్రిక్నిన్ అన్నారు. ఆ ఇద్దరే 1820లో క్వినైన్ తీసి లక్షల ప్రాణాలు నిలబెట్టారు. గురువు పేరు పెట్టడానికి రెండేళ్లు ఆగి ఉంటే సరిపోయేది.

ఇక్కడే మన గింజ రూపం మారింది. నూగు లేదు, గుండీ ఆకారం లేదు, ఊరి చెట్టు కింద పెద్దలు చెప్పిన జాగ్రత్తలు లేవు. సీసాలో తెల్లటి పొడి. పక్క సీసాలోని క్వినైన్ కూడా తెల్లటి పొడే, చేదు పొడే. మద్రాసు, కొచ్చిన్ రేవుల్లో బస్తాలు ఓడలెక్కాయి. యూరప్ కర్మాగారాల్లో అవి గ్రెయిన్లుగా, ఔన్సులుగా మారాయి.

*

ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో ఒక్కసారి చూసి ముందుకు పోదాం. మనం చెయ్యి ఎత్తినప్పుడు ఒక కండరం ముడుచుకుంటుంది, దానికి ఎదురు కండరం సడలుతుంది. సడలమని చెప్పే కబురును వెన్నుపాములో మోసేది గ్లైసిన్ అనే చిన్న అణువు. స్ట్రిక్నిన్ వెళ్లి ఆ కబురు దిగాల్సిన గుమ్మాన్ని మూసేస్తుంది. ఇక కళ్లెం లేని గుర్రమే. తలుపు చప్పుడైనా, ఎవరైనా తాకినా, దీపం వెలిగించినా చాలు, ఒంట్లోని కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. నడుము విల్లులా లేస్తుంది. దవడలు బిగిసి ముఖం నవ్వుతున్నట్టుంటుంది. ఊపిరి ఆడదు. అన్నిటికన్నా ఘోరం, స్పృహ మాత్రం పోదు. తనకేం జరుగుతోందో రోగికి చివరిదాకా తెలుస్తూనే ఉంటుంది. చూసినవాళ్లకు ధనుర్వాతంలా కనిపిస్తుంది. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి. ముందు చెప్పబోయే ఒక కేసులో పన్నెండు రోజుల వాదన దీని మీదే నడిచింది.

ఇంత భయంకరమైనది టానిక్కు ఎలా అయింది? చేదు వల్లే. చేదు తగిలితే నోట్లో నీళ్లూరతాయి, ఆకలి పుడుతుంది. కాకరకాయకూ వేపపువ్వుకూ మనం ఇచ్చే మర్యాద ఇదే లెక్కన. చాలా కొద్దిపాటి స్ట్రిక్నిన్ ఇస్తే రోగి కాస్త చురుకుగా కనిపించేవాడు కూడా. గ్లాస్గో వైద్యుడు ఈస్టన్ పేరుతో వచ్చిన సిరప్‌లో ఇనుము, క్వినైన్, స్ట్రిక్నిన్ మూడూ ఉండేవి. జ్వరం తగ్గి నీరసంగా ఉన్నవాళ్లకు డాక్టర్లు అది రాసేవారు. అలా ఇంటింటి అలమరలో విషం మర్యాదగా కూర్చుంది.

1852లో ఈ చేదు గురించే ఇంగ్లండ్‌లో పెద్ద గోల రేగింది. స్టాఫర్డ్‌షైర్‌లోని బర్టన్ పట్టణం పేల్ ఏల్ బీరుకు పేరు. మన దేశంలోని దొరలకు ఓడల్లో వచ్చేది ఆ రకమే. ఆ బీరు చేదు కోసం స్ట్రిక్నిన్ కలుపుతున్నారని పుకారు లేచింది. తయారీదారులు బెంబేలెత్తి, గ్రాహం, హాఫ్‌మన్ అనే ఇద్దరు పేరున్న రసాయనవేత్తలను పిలిచారు. వాళ్లు పరీక్షించి విషం లేదన్నారు. లెక్క వేసి ఇంకో మాట కూడా చెప్పారు. అంత బీరును చేదు చేయాలంటే లోకంలో తయారయ్యే స్ట్రిక్నిన్ మొత్తం పోసినా చాలదట. జనం స్థిమితపడి మళ్లీ గ్లాసులు ఎత్తారు. నాలుగేళ్లు తిరగకుండానే అదే స్టాఫర్డ్‌షైర్‌లో, బర్టన్‌కు ఎంతో దూరం లేని రూజిలీ అనే చిన్న ఊళ్లో అసలు విషం పని మొదలుపెట్టింది.

*

రూజిలీలో విలియం పామర్ పెద్దింటి బిడ్డ. లండన్‌లో వైద్యం చదివాడు, కానీ మనసంతా గుర్రాల మీదే. ప్రాక్టీసు మూలపడింది, అప్పులు పెరిగాయి. తల్లి సంతకం ఫోర్జరీ చేసి వడ్డీ వ్యాపారులకు పత్రాలు ఇచ్చాడు. 1854లో 13,000 పౌండ్ల బీమా ఉన్న భార్య పోయింది, డబ్బు వచ్చింది. 1855 ఆగస్టులో బీమా చేయించిన సోదరుడు పోయాడు. ఈసారి బీమా కంపెనీ అనుమానించి డబ్బు ఇవ్వలేదు. పీకల మీదికి వచ్చింది.

అప్పుడే స్నేహితుడు జాన్ పార్సన్స్ కుక్ అదృష్టం పండింది. 1855 నవంబరు 13న ష్రూస్‌బరీ పందేల్లో అతని ఆడగుర్రం పోల్‌స్టార్ గెలిచింది. మర్నాడు రాత్రి సత్రంలో బ్రాందీ తాగి గొంతు మండుతోందని కుక్ గోల పెట్టాడు. తర్వాత ఇద్దరూ రూజిలీ వచ్చారు. కుక్ టాల్బట్ ఆర్మ్స్ సత్రంలో దిగాడు. వీధికి అటు పక్కనే పామర్ ఇల్లు. ఇక స్నేహితుడి సేవ మొదలైంది. కాఫీ తెచ్చాడు, సూప్ పంపాడు. ఆ సూప్ రెండు చెంచాలు రుచి చూసిన పనిపిల్లకు వాంతులయ్యాయి. ఎనభై ఏళ్లు దాటిన బామ్‌ఫర్డ్ అనే డాక్టరు మాత్రలు రాశాడు. ఆ మాత్రల డబ్బా రోగి మంచం దాకా చేరేది పామర్ చేతుల మీదుగా.

సోమవారం రాత్రి మాత్రలు వేసుకున్నాక కుక్‌కు ఫిట్లు వచ్చాయి, తట్టుకున్నాడు. మంగళవారం రాత్రి మాత్రలు వద్దన్నాడు. నిన్న అవి మింగాకే ఇలా అయిందన్నాడు. ఆ క్షణంలో కుక్ నాలుకా బుద్ధీ రెండూ సరిగానే పనిచేస్తున్నాయి. పామర్ నచ్చజెప్పాడు. చెప్పేవాడు స్నేహితుడు, పైగా డాక్టరు. కుక్ మింగాడు. కాసేపటికి ఒళ్లు విల్లులా వంగింది. నవంబరు 21 తెల్లవారక ముందే పోయాడు. పెద్ద డాక్టరు మెదడులో రక్తం గడ్డకట్టి పోయాడని రాసి ఇచ్చాడు. ఆ రెండు రోజుల్లోనే పామర్ రెండు చోట్ల స్ట్రిక్నిన్ తీసుకున్న సంగతి తర్వాత బయటపడింది. 1851లో వచ్చిన విషాల అమ్మకం చట్టం ఒక్క పాషాణానికే వర్తించేది. స్ట్రిక్నిన్ అడిగితే ఎవరూ ఎందుకని అడగరు.

తర్వాత జరిగింది సగం విషాదం, సగం వీధినాటకం. కుక్ సవతి తండ్రికి అనుమానం వచ్చి శవపరీక్ష చేయించాడు. పరీక్ష జరుగుతుండగా పామర్ అక్కడే నిలబడి, సరిగ్గా జీర్ణాశయం తీసే వేళ ఒకరిని తోశాడు. లోపలిది కాస్తా ఒలికింది. మూత వేసి ముద్ర వేసిన జాడీ మాయమై గది అవతలి మూల కనిపించింది, మూతకు కత్తిగాట్లు. జాడీలు తీసుకెళ్లే బండివాడికి బండి బోల్తా కొట్టిస్తే 10 పౌండ్లు ఇస్తానన్నాడు. పోస్టుమాస్టరు లండన్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని విప్పి పామర్‌కు సంగతి చెప్పాడు. విచారణ అధికారికి వేటమాంసం కానుకగా వెళ్లింది. ఊళ్లో పెద్దింటివాడన్న పలుకుబడి ఎన్ని తలుపులు తెరుస్తుందో మనకు ఒకరు చెప్పాలా?

స్టాఫర్డ్‌షైర్‌లో పామర్‌కు న్యాయం జరగదన్న వాదంతో కేసును లండన్‌కు మార్చడానికి పార్లమెంటు ఏకంగా చట్టం చేసింది. 1856 మేలో ఓల్డ్ బెయిలీలో పన్నెండు రోజుల విచారణ. విచిత్రమేమిటంటే, ప్రాసిక్యూషన్ తరఫు విషనిపుణుడు ఆల్ఫ్రెడ్ స్వేన్ టేలర్‌కు శవంలో స్ట్రిక్నిన్ దొరకలేదు. దొరికింది కొద్దిగా ఆంటిమొనీ మాత్రమే. విషం ఉంటే ఊదారంగు చూపించే పరీక్ష అప్పటికే ఉంది. దొరకాల్సిందేనని పామర్ తరఫు నిపుణులు, దొరక్కపోవచ్చని టేలర్. అది ధనుర్వాతమేనని వీళ్లు, ధనుర్వాతం ఇంత త్వరగా చంపదని వాళ్లు. చివరికి జ్యూరీని కదిలించింది సీసాల్లోని రంగు కాదు. కుక్ ఎలా చచ్చాడో చూసినవాళ్ల మాట, పామర్ కొన్న పొడి, పామర్ చేసిన పనులు. గంటకు కాస్త పైన కూర్చుని దోషి అన్నారు. 1856 జూన్ 14న స్టాఫర్డ్ జైలు ముందు ఉరి తీస్తే చూడడానికి సుమారు 30,000 మంది వచ్చారు. చెడ్డపేరు భరించలేక ఊరు పేరు మార్చమని రూజిలీ వాళ్లు ప్రధాని పామర్‌స్టన్‌ను అడిగారట, సరే నా పేరు పెట్టుకోండి అన్నాడట ఆయన. నిజం కాకపోవచ్చు, కానీ ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1868లో గాని స్ట్రిక్నిన్ చట్టం కిందికి రాలేదు. అమ్మినవాడు పుస్తకంలో రాయాలి, కొన్నవాడు సంతకం పెట్టాలి. సంతకం అబద్ధమైతే? 1871లో బ్రైటన్‌లో క్రిస్టియానా ఎడ్మండ్స్ దొంగపేరు చెప్పి, పిల్లుల బెడదని చెప్పి కొన్నది. ఆమె ఒక డాక్టరును ప్రేమించింది. అంతకు ముందు ఏడాదే డాక్టరు భార్యకు ఒక చాక్లెట్ ఇచ్చింది. ఆ ఇల్లాలు నోట్లో పెట్టుకుని, రుచి తేడాగా ఉందని ఉమ్మేసి బతికింది. తన మీద అనుమానం పోగొట్టుకోవడానికి తప్పు మిఠాయి దుకాణానిదే అని నిరూపించాలనుకుంది ఎడ్మండ్స్. చాక్లెట్లు కొని, విషం దట్టించి, పిల్లల చేత తిరిగి దుకాణానికి పంపింది. నాలుగేళ్ల సిడ్నీ బార్కర్ అనే పిల్లవాడు తిన్నాడు. పెద్దావిడ ఉమ్మేసిన చేదును ఆ పసివాడు తీపి ఆశతో మింగి ఉంటాడు. మరణశిక్ష పడింది, తర్వాత పిచ్చిదని బ్రాడ్‌మూర్‌కు పంపారు. 1907లో అక్కడే పోయింది.

తీపి కన్నా పకడ్బందీ ముసుగు జెలటిన్ గొట్టం. డాక్టర్ థామస్ నీల్ క్రీమ్ దాన్నే ఎంచుకున్నాడు. గ్లాస్గోలో పుట్టి, కెనడాలో చదివి, అమెరికాలో ఒక హత్యకు జైలు అనుభవించి వచ్చినవాడు. 1891, 92లలో లండన్ లాంబెత్ పేటలో ఒళ్లమ్ముకుని బతికే పేద ఆడవాళ్లకు మందు పేరుతో విషం ఇచ్చి నలుగురిని చంపాడు. అందులో మటిల్డా క్లోవర్ తాగుడు వల్ల పోయిందని రాసి పూడ్చేశారు. ఎవరూ అడగని ఆ చావు హత్యేనని బెదిరింపు ఉత్తరాలు రాసి తానే బయటపెట్టుకున్నాడు క్రీమ్. శవాన్ని తీయించి స్ట్రిక్నిన్ కనిపెట్టింది మన పాత పరిచయస్తుడు స్టీవెన్సన్. ఈ కథలో నాకు నచ్చే మనిషి ఆయన కాదు, లూ హార్వీ. క్రీమ్ ఇచ్చిన మాత్రలు మింగినట్టు నటించి విసిరేసిన యువతి. డాక్టరు ఇచ్చాడు కదా అని నమ్మకపోవడం వల్ల బతికి, వచ్చి సాక్ష్యం చెప్పింది. 1892 నవంబరులో క్రీమ్‌ను ఉరి తీశారు.

*

ఇన్ని చావులు చూశాక కూడా టానిక్కు పరువు తగ్గలేదు. 1904 ఆగస్టు 30న సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్. మండే ఎండ, కార్లు లేపిన దుమ్ము. 32 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 14 మంది. ముందున్న థామస్ హిక్స్ తూలిపోతుంటే, వెంట ఉన్నవాళ్లు నీళ్లు ఇవ్వకుండా గ్రెయిన్‌లో 60వ వంతు స్ట్రిక్నిన్‌ను కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి ఇచ్చారు. కొంతసేపటికి మళ్లీ ఇచ్చారు, పైన బ్రాందీ. 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లకు అతను గమ్యం చేరాడు, ఇద్దరు రెక్కలు పట్టుకుని మోస్తుండగా. బంగారు పతకం అతనికే. తప్పని ఎవరూ అనలేదు. వెంట వచ్చినవాళ్లు ఈ సంగతి గర్వంగా రాసుకున్నారు కూడా. మూడో మోతాదు పడి ఉంటే పతకం శవం మెడలో వేయాల్సి వచ్చేది.

అగాథా క్రిస్టీ మొదటి నవల చదవనివాళ్లు ఈ పేరా దాటేయండి. యుద్ధకాలంలో ఆమె టార్కీ ఆసుపత్రి మందుల గదిలో పనిచేస్తూ ఆ నవల రాసింది, 1920లో అచ్చయింది. అందులో హంతకుడు విషం కొనడు. ముసలావిడ రోజూ తాగే టానిక్కులోనే స్ట్రిక్నిన్ ఉంది. సీసాలో బ్రోమైడ్ కలిపితే అది విడిపోయి అడుగున పేరుకుంటుంది, ఆఖరి గుక్కలో అంతా ఒకేసారి. ఫార్మసిస్టుల పత్రిక ఆ నవలను మెచ్చుకుందంటే రసాయనం అంత పక్కాగా ఉంది. మా అమ్మమ్మ బిందె అడుగున కూడా మడ్డి అలాగే పేరుకునేది. అక్కడ చిల్లగింజ, ఇక్కడ ముషిణి.

తెల్లపొడి లోపలి కట్టడం రసాయనవేత్తలకు 128 ఏళ్లు అంతుపట్టలేదు. 1946లో రాబర్ట్ రాబిన్సన్ ఆ బొమ్మ గీశాడు. 1954లో హార్వర్డ్‌లో వుడ్‌వర్డ్ చెట్టుతో పనిలేకుండా గాజుపాత్రల్లోనే దాన్ని కట్టాడు. ఆ పని ఇంకొకరు చేయడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2022లో జర్మనీలోని యేనా శాస్త్రవేత్తలు చెట్టు దాన్ని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కి వండుతుందో కనిపెట్టారు.

ఇప్పుడు అల్లోపతి మందుల్లో స్ట్రిక్నిన్‌కు చోటు లేదు. ఆయుర్వేదంలో శోధన చేసిన గింజ ఉంది, కానీ మన చట్టం దాన్ని విషపదార్థాల జాబితాలో పెట్టి, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద రాయమంటుంది. ఇక హోమియో నక్స్ వామికా తెలుగిళ్లలో కొత్త కాదు. పెళ్లిభోజనం తర్వాత పొట్ట బరువంటే నాలుక మీద నాలుగు చక్కెర గుళికలు. ముషిణి మొత్తానికి తీపిగా మారిన చోటు అదొక్కటే. అంతగా పల్చబరిచాక అందులో గింజ ఎంత మిగిలిందన్న ప్రశ్న వేస్తే మా ఇంట్లోనే యుద్ధం వస్తుంది. వదిలేద్దాం.

చెట్టు మాత్రం మన కొండల్లోనే ఉంది. విశాఖ మన్యంలో గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో చింతపండు, కరక్కాయ, నరమామిడి చెక్కల సరసన చిల్లగింజలూ ఉంటాయి, ముషిణి పిక్కలూ ఉంటాయి. రాక్స్‌బర్గ్ పుస్తకంలో పక్కపక్క పేజీల్లో ఉన్న అక్కాచెల్లెళ్లు సంత తూకం దగ్గర పక్కపక్క బస్తాల్లో కూర్చుంటారు. ఏరేవాళ్ల చేతులకు రెండింటి తేడా చీకట్లో కూడా తెలుసు. ఒకటి నున్నన, ఒకటి నూగు.

ఈ ఇంట్లో ఇంకో తోబుట్టువు మిగిలింది. అది మహాసముద్రానికి అవతల, దక్షిణ అమెరికా అడవుల్లో తీగై పాకుతుంది. ముషిణి కండరాలను బిగిస్తే అది పూర్తిగా సడలిస్తుంది, ఊపిరి తీసే కండరాలతో సహా. దాని ముందు నాలుక కాపలా ఎందుకూ పనికిరాదు. మింగితే ఏమీ చేయదు, నెత్తురులో కలిస్తేనే ప్రాణం తీస్తుంది. 1800లో ఓరినోకో నది ఒడ్డున ఎస్మెరాల్డా అనే పల్లెలో, ఆ విషం కాచే ముసలాయన మరుగుతున్న రసాన్ని రుచి చూస్తూ చేదు సరిపోయిందా లేదా అని పాకం చూసినట్టు చూస్తుంటే, పక్కన నిలబడ్డ యాత్రికుడు హంబోల్ట్ కూడా కాస్త నాలుక మీద వేసుకున్నాడు. వచ్చే భాగంలో ఆ కుండ దగ్గర మొదలుపెట్టి, 1814లో లండన్‌లో చచ్చి బతికిన ఒక గాడిద దాకా వెళదాం.